గయ్యాళికి పట్టే మందు

అక్కకి,

నీ చెల్లెలు ఒక్క చేత్తోనే నమస్కరించి రాస్తున్నది. రెండో చెయ్యి కట్టులో ఉంది, మర్యాద తక్కువైందని అనుకోకు. ఇక్కడ గుర్రాలన్నీ క్షేమం. మనుషుల క్షేమం సంగతి కింద విడిగా రాస్తాను. నువ్వు, బావ, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. పెద్దవాడికి దగ్గు తగ్గిందా? చిన్నది ఇంకా నీ కుట్టుమిషను కింద దూరి దారపు కండెలు నోట్లో పెట్టుకుంటోందా?

నీ ఉత్తరం అందింది. అందులో నువ్వు మూడు అడిగావు. కడుపు నిలిచిందా అని, మరిదిని గుర్రం తన్నిందట, ఎలా ఉన్నాడు అని, నువ్వు బయల్దేరి రావాలా అని. వరసగా జవాబు చెబుతాను. మధ్యలో ఆపి బావకి చదివి వినిపించకు. ముందు నువ్వొక్కదానివే చివరిదాకా చదువు.

కడుపు నిలవలేదు అక్కా. నిలవలేదనడం కూడా అబద్ధమే, అసలు కడుపే లేదు. నువ్వు కత్తిరించి పెట్టానని రాసిన చిన్న చొక్కాలు ఎవరి పిల్లలకైనా కుట్టి ఇచ్చెయ్యి. ఏడుస్తూ కూర్చోకు. ఏడవాల్సినదంతా నేనే ఏడ్చేశాను, నీకేం మిగల్చలేదు.

అదెలా జరిగిందో చెప్పాలంటే గయ్యాళి గురించి చెప్పాలి. మా అత్తగారనుకునేవు, కాదు. ఆవిడకీ ఆ పేరు సరిపోయేదే కానీ, ముందే ఒక గుర్రం దక్కించుకుంది. ఈ లాయంలో ఉన్న పందెపు గుర్రాల్లోకెల్లా వేగం కలది, ఆడది, అందినవాళ్ళ భుజం అందినట్టు కొరికేది. మీ మరిది లాయానికి పెద్ద, పనివాళ్ళంతా ఆయన మాట మీద నడవాల్సిందే. అయినా దాని అరలోకి వెళ్ళాలంటే ఆయనకి గుండె దడ. ఒకసారి ధైర్యం చేసి వెళ్ళి చెవి తమ్మె సగం అక్కడ వదిలేసి వచ్చాడు. ఎందుకో మరి, నా దగ్గర మాత్రం అది ముంగిలా ఉండేది. కాబట్టి దానికి మేత, మాలీసు, మందు అన్నీ నా నెత్తినే పడ్డాయి.

ఆ మందు సంగతే అసలు సంగతి. ఆడ గుర్రం ఎదకి వస్తే దానికి పరుగు మీద మనసుండదు. తోక విదిలిస్తుంది, కీచుమంటుంది, వెనక ఎవరు నిలబడినా కాలు లేపుతుంది. అందుకని పందాలు జరిగినన్నాళ్ళూ గుర్రాల డాక్టరు ఎద ఆపే మందు ఇస్తాడు. పసుపుపచ్చగా, నూనెలా ఉంటుంది. సూది లేని సిరంజితో రోజూ పొద్దున్నే నాలుక మీద పొయ్యాలి. పోస్తే గుర్రం నెమ్మదిస్తుంది, తన పని తాను చేసుకుంటుంది.

ఇక్కడ మాకందరికీ ఒక అలవాటు. సిరంజిలో మిగిలిన నూనె ఎవరూ పారబొయ్యరు. పగ్గాలు లాగి, బకెట్లు మోసి, లాయంలో అందరి చేతులూ ఎండిన చెరువు మట్టిలా పగిలి ఉంటాయి. ఆ నూనె రాస్తే చర్మం మెత్తబడుతుంది. మగవాళ్ళు అరచేతులకి రాసుకునేవాళ్ళు. నేను ఆడదాన్ని కదా, కాస్త సోకు ఎక్కువ, మోచేతులకీ మడమలకీ కూడా పట్టించేదాన్ని. నీకో చిన్న సీసా పంపాలని కూడా అనుకున్నాను. పంపకపోవడం మన అదృష్టం.

అలా ప్రతి పందాల కాలంలోనూ రాసుకుంటూ ఉంటే నెలసరి వెనకాముందయ్యేది, ఈసారి పూర్తిగా ఆగిపోయింది. అత్తయ్య మొహం చూడాలి! లాయమంతా చాటింపు వేసింది. నేను మందులషాపులో కడుపు తెలిపే పట్టీ కొని రెండుసార్లు చూసుకున్నాను, రెండుసార్లూ లేదనే చెప్పింది. "నీ మొహం, పట్టీలకేం తెలుసే? నేను ముగ్గుర్ని కన్నాను" అందావిడ. నేను కూడా నమ్మాను అక్కా. ఎందుకు నమ్మానో ఇప్పుడు చెబుతాను, ఇంతకాలం నీకు రాయలేదు.

నేను మెట్ల మీద జారానని, గుర్రం గోడకేసి నొక్కిందని, తలుపు తగిలిందని నీకు రాశాను చూడు, ఆ జారుళ్ళూ నొక్కుళ్ళూ అన్నీ మీ మరిదివే. పిల్లలు లేరని కొట్టేవాడు. పందెంలో మా గుర్రం ఓడితే కొట్టేవాడు, గెలిస్తే తాగి వచ్చి కొట్టేవాడు. కొరడా కర్ర తోలు చుట్టినవైపు పట్టుకుని, చెక్క వైపుతో. చర్మం చిట్లదు, లోపల మాంసం మాత్రం నలుగుతుంది. గుర్రాల మీద ఆ దెబ్బ వాడనివ్వరు, గుర్రం పాడవుతుందని. కడుపన్న మాట పుట్టాక ఆయన చెయ్యి ఎత్తలేదు. నేను ఆ కడుపు నిజం కావాలని రోజూ మొక్కుకున్నది బిడ్డ కోసం కాదు, నా వీపు కోసం. నన్ను తిట్టుకుంటావేమో, తిట్టుకో.

పందాల కాలం అయిపోయింది. గుర్రాలకి మందు ఆపేశారు, నాకు రాసుకోవడానికి నూనె లేకుండా పోయింది. తర్వాత కొద్దిరోజులకి ఒక మధ్యాహ్నం గడ్డిమోపు ఎత్తుతుంటే రక్తం. మామూలుగా కాదు, పైపు పగిలినట్టు. గోడ పట్టుకుని నడిచి ఇంటికొచ్చాను. అత్తయ్య నా చీర చూసి మొహం తిప్పుకుని కొడుకుని పిలిచింది.

ఆయన గుమ్మంలో నిలబడి అడిగాడు. "ఎవడి దగ్గర తీయించుకున్నావే?"

"నేనేం చెయ్యలేదు. నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళు" అన్నాను.

"నా బిడ్డని చంపుకుని నాకే కబుర్లు చెప్తావా?"

మొదటి దెబ్బ బకెట్‌తో, రెండోది కాలితో. తలకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆ చేతిని తలుపు సందులో పెట్టి తలుపు వేశాడు. ఎముక విరిగినప్పుడు చప్పుడు ఇంత చిన్నగా ఉంటుందని నాకు తెలీదు. అత్తయ్య, "చాల్లేరా, చుట్టుపక్కల వింటారు" అంది. వద్దని కాదు, వింటారని. చివరికి పక్క క్వార్టరులో ఉండే లాడాలవాడు, అదే గుర్రాల డెక్కలకి ఇనప లాడాలు కొట్టేవాడు, సుత్తి పట్టుకుని వచ్చి తలుపు తోసి, నన్ను భుజాన వేసుకుని ఆసుపత్రికి మోసుకెళ్ళాడు. ఆ మనిషి నాతో అప్పటిదాకా రెండు మాటలు మాట్లాడి ఎరగడు.

అక్కడి డాక్టరమ్మ చెయ్యి కట్టించి, కడుపు స్కానింగు తీసింది. "గర్భం రానేలేదమ్మా. పోయిందన్న గుర్తు ఒక్కటీ లేదు" అంది. ఏమేం మందులు వాడతావంటే ఏమీ లేదన్నాను. ఏం పని చేస్తావంటే చెప్పాను. నూనె సంగతి చెబుతుంటే ఆవిడ కలం కింద పెట్టేసింది.

"చేతులకి రాసుకున్నావా? రోజూనా?"

"వృథా ఎందుకని..."

"అది నూనె కాదు తల్లీ, హార్మోను" అంది. ప్రొజెస్టిన్ అంటారట. ఆడదాని ఒంట్లో ఊరే హార్మోనుకి నకలుగా మనుషులు తయారుచేసింది. గయ్యాళికి పట్టేదాన్ని ఆల్ట్రెనోజెస్ట్ అంటారట, ఆ పేరు నోరు తిరగడానికి నాకు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ పట్టింది. చర్మంలోంచి ఇంకిపోతుంది. గుర్రానికి ఎద ఆపినట్టే నా ఒంట్లోనూ నెలనెలా జరగాల్సింది ఆపేసింది. మానగానే లోపల ఆగిందంతా ఒక్కసారి కట్ట తెంచుకుంది.

విచిత్రం ఏమిటంటే, ఆ రక్తం ఆపడానికి ఆవిడ ఇచ్చిన మాత్రలు కూడా ఆ వంశానివే. నేను బిత్తరపోతే నవ్వింది. పిల్లలు అప్పుడే వద్దనుకునేవాళ్ళకి ఇవే మందులు మాత్రగానో సూదిగానో ఇస్తారట. నెలసరి కొన్నాళ్ళు వెనక్కి జరపాలన్నా, గర్భసంచి లోపలి పొర బయటపెరిగి మెలిపెట్టే నొప్పి తగ్గాలన్నా, అలాంటివే. "మందు చెడ్డది కాదమ్మా. ఎవరికి, ఎంత అన్నదే లెక్క" అంది. ఆ మాత్రలు పడ్డాక రక్తం ఆగింది. నీ గర్భసంచి నిక్షేపంలా ఉంది, ఇన్నాళ్ళూ పిల్లలు పుట్టకపోవడానికి ఈ నూనే కారణం కావచ్చు అంది. నేను గొడ్రాలిని కాదు అక్కా. ఈ మాట నీకు రాయాలని ఆ రోజు నుంచీ నా చెయ్యి ఆత్రపడుతోంది.

మగవాళ్ళు రాసుకుంటే ఏమవుతుందని ఆ తర్వాత లాడాలవాడు వెళ్ళి డాక్టరమ్మనే అడిగాడట. మగతనం చల్లారుతుంది నాయనా అందట. ఆ కబురు లాయంలో పడ్డ రోజు నుంచి ఎవడూ ఆ సీసా వంక కన్నెత్తి చూడటం లేదు. ఆడమనిషి నెలల తరబడి పాడైతే పట్టనిది, ఈ ఒక్క మాటకి అందరికీ గ్లౌజులు వచ్చాయి.

నేను తిరిగి ఇంటికే వచ్చాను. ఎందుకొచ్చావని అడగకు. క్వార్టరు అదే, పని అదే, ఇంకెక్కడికి పోతాను? పైగా గర్భం రాలేదన్న కాగితం చూస్తే ఆయన సిగ్గుపడతాడనుకున్నాను. నా పిచ్చిగానీ.

నా చేతి కట్టు విప్పకముందే మళ్ళీ పందాలు దగ్గరపడ్డాయి, మళ్ళీ మందు మొదలైంది. డాక్టరమ్మ కబురు పంపిందేమో, గుర్రాల డాక్టరు అందరి ముందూ మీ మరిదితో, "ఇక నీ భార్య ఆ సీసా ముట్టుకోకూడదు. గయ్యాళికి నువ్వే పట్టు" అన్నాడు. ఆయన బుర్ర ఊపాడు. కానీ దాని నోటి దగ్గరికి వెళ్ళే ధైర్యం ఏది? అర తలుపు దగ్గర నిలబడి సిరంజి గడ్డిలోకి కొట్టేసి, పట్టేశానని చెప్పేవాడు. గడ్డిలో పసుపు మరక నేను చూశాను. చెబితే ఏమవుతుందో తెలుసు కాబట్టి ఊరుకున్నాను. గయ్యాళి రోజురోజుకీ మారిపోయింది. తోక విదిలింపు, కీచులాట, తొట్టిని తన్నడం. ఎద వచ్చింది దానికి.

మీ మరిదిని గుర్రం తన్నిన రోజు పొద్దున గుర్రాల డాక్టరు నా కట్టు చూసి జాలిపడి ఒక మాట అన్నాడు. "నేను మొదట్లోనే నీ భర్తకి చెప్పానమ్మా, ఆడవాళ్ళు ముట్టుకోకూడదని. నీకని మంచి గ్లౌజులు కూడా ఇచ్చానే?" అన్నాడు.

ఆ గ్లౌజులు నేను చూశాను అక్కా. వాటితో ఆయన తన బూట్లకి పాలిష్ వేసుకునేవాడు.

నా ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు గొడ్రాలివని నన్ను చితకబాదిన మనిషికి ఆ మందు ఆడదానికి పనికిరాదని మొదటి నుంచీ తెలుసు. పగబట్టి చేశాడని కాదు. చెవిన వేసుకోలేదు, అంతే. నేను అంత విలువైన వస్తువుని కాను. పగబట్టి చేసి ఉంటే ఇంత నొప్పి ఉండేది కాదేమో.

గయ్యాళి అరలో ఒంటి చేత్తో నీళ్ళు పోస్తుంటే ఆయన కొరడా కర్ర పట్టుకుని వచ్చాడు, ఇంకా కాలేదా అని అరుస్తూ. నేను బకెట్ కింద పెట్టి, పెళ్ళయ్యాక మొదటిసారి కళ్ళలోకి చూసి అడిగాను. "గ్లౌజులు నాకిమ్మని నీకు చెప్పాడట కదా. ఎందుకివ్వలేదు?"

"ఏంటే, లెక్కలడుగుతున్నావు?"

"నీ బిడ్డని చంపుకున్నానన్నావు కదా ఆ రోజు. పుట్టకుండా చేసింది నువ్వే."

కోపంలో గయ్యాళి భయం కూడా మరిచి లోపలికొచ్చి, జుట్టు పట్టుకుని తొట్టికేసి కొట్టాడు. పెదవి చిట్లింది, నోట్లో ఉప్పగా రక్తం. కింద పడ్డాను. విరిగిన చేతి మీద బూటుతో తొక్కాడు. నేను అరిచిన అరుపుకి గయ్యాళి గిర్రున తిరిగింది. ఆయన కోపంలో అది చూసుకోలేదు. కర్ర బాగా ఊపడానికి జాగా కావాలని ఒక అడుగు వెనక్కి వేశాడు, నా మీదికి వంగాడు. అంతే. ఏదో చప్పుడైందని తల పక్కకి తిప్పేసరికి డెక్క దవడకి తగిలింది. కర్ర ఒక వైపు, మనిషి ఒక వైపు. గడ్డిలో పళ్ళు. గోడ మీద, నా మొహం మీద, గయ్యాళి తోక మీద రక్తం. అది రెండోసారి కాలు లేపింది, నేను దాని మెడకి వేలాడి ఆపాను. ఆ రెండోది పడి ఉంటే ఈ ఉత్తరం ఇంకోలా ఉండేది.

నీ రెండో ప్రశ్నకి జవాబు ఇది. బతికే ఉన్నాడు. దవడ మూడు ముక్కలైంది, తీగలతో కట్టేశారు. మాట్లాడలేడు, గొట్టంతో తాగుతున్నాడు. తల లోపల ఏమీ కాలేదన్నారు. మళ్ళీ మనిషవుతాడు, ఇంటికొస్తాడు.

నేను అందరికీ చెప్పింది మాత్రం, మందు పడుతుంటే తన్నిందని. అత్తయ్యా అదే చెప్పింది, ఆయనా అవునని తలూపాడు. ఈ లాయం, గుర్రాలూ ఎవరివో ఆ యజమాని కబురు పంపాడు. ఏ కారణం లేకుండా మనిషి ప్రాణం మీదికి తెచ్చిన గుర్రాన్ని ఉంచనని, మర్నాడు దానికి ప్రాణం తీసే సూది వెయ్యమని. ఈ మాట వింటూ ఆసుపత్రి మంచం మీద మీ మరిది కళ్ళు మెరవడం చూశాను. ఎవరికైనా చావు రావాలి ఆయనకి, నాకు కాకపోతే దానికి.

ఇప్పుడు రాయబోయేది నీకు రాయకూడదని ఇంతసేపూ అనుకున్నాను.

లాయంలో పనిలో చేరిన రోజునే ఒకటి నేర్పుతారు. గుర్రం చెవులు వెనక్కి పడుకోబెట్టి, దాని వెనక మనిషి ఉన్నాడంటే, చూసినవాళ్ళు 'వెనక!' అని అరవాలి. ఎవరైనా సరే. ఒకరి మొహం ఒకరు చూసుకోని పగవాళ్ళు కూడా అరుస్తారు. దొంగతనానికొచ్చి దొరికినవాడి కోసం కూడా అరిచారిక్కడ. ఆ కేక వినగానే ఎంతటివాడైనా పక్కకి దూకుతాడు. అది నోటికి నేర్పక్కర్లేదు, నిద్రలో కూడా దానంతటదే వస్తుంది.

ఆయన వెనక్కి అడుగు వేసినప్పుడు నేను కింద పడి ఉన్నాను, కళ్ళు తెరిచే ఉన్నాను. గయ్యాళి చెవులు మెడకి అంటుకుపోవడం చూశాను. కాలు లేవడం చూశాను. కేక నా గొంతు దాకా వచ్చింది అక్కా. చాలినంత సమయం ఉంది. నేను పళ్ళు బిగబట్టి దాన్ని లోపలికి మింగేశాను. భయంతో నోరు పెగల్లేదని ఎవరికైనా చెప్పుకోవచ్చు, నువ్వు నమ్ముతావు కూడా. కానీ నేను భయపడలేదు. తగలాలని చూస్తూ ఉన్నాను.

మళ్ళీ ఆ సూది సంగతికి వస్తాను. నా తరఫున తన్నినదాన్ని నా అబద్ధంతో చంపడం నా వల్ల కాలేదు. యజమాని దగ్గరికి వెళ్ళి అన్నీ చెప్పాను. గడ్డిలోకి కొట్టిన మందు, గ్లౌజులు, తొట్టి, కర్ర. యజమాని గుర్రాల డాక్టర్ని పిలిపించి అడిగితే, మందు పడకపోతే అది అలాగే ఉంటుందని డాక్టరన్నాడు. సూది వద్దని యజమాని చెప్పాడు. గయ్యాళిని పందాల నుంచి తప్పించి పిల్లల్ని కనే గుర్రాల దగ్గరికి పంపిస్తున్నారు. అక్కడ ఎద ఆపాల్సిన పని లేదు. అక్కడితో నేను లేచి రావచ్చు. రాలేకపోయాను. "నేను చూశానండీ. కేక వెయ్యలేదు" అన్నాను.

యజమాని తల పైకెత్తి నా కట్టు వంక చూశాడు. "నీ మొగుడు వెధవ. అయినా కేక మింగిన మనిషిని నా లాయంలో ఉంచలేనమ్మా. రేపు ఇంకొకడి వెనక గుర్రం ఉంటుంది" అన్నాడు. ఆయన తప్పుగా అనలేదు.

అక్కడి నుంచి ఆసుపత్రికి వెళ్ళాను. అత్తయ్య టీ కోసం బయటికి వెళ్ళింది. మంచం పక్కన కూర్చుని ఆయన చెవి దగ్గర, తమ్మె ఉన్న చెవి దగ్గర, నెమ్మదిగా చెప్పాను. "దాని చెవులు నేను చూశాను. నీకు చెప్పలేదు." ఆయన నోరు తీగలతో కట్టి ఉంది. కళ్ళు మాత్రం నన్ను చూసి పెద్దవయ్యాయి, దుప్పటి కింద కాళ్ళు దగ్గరికి ముడుచుకున్నాయి. నేను గ్లాసు అందుకోబోతే మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అచ్చం నేను పెట్టుకునేటట్టే.

అప్పుడు నాకు సంతోషమేసింది అక్కా. జాలి రాలేదు, కడుపు నిండినంత సంతోషం. ఆ గదిలోంచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక, ఆ సంతోషాన్ని చూసి నాకే భయమేసింది. ఆయనకి అలాంటి సంతోషమే ఇన్నేళ్ళూ ఉండేదేమో.

ఆయన దగ్గరికి తిరిగి వెళ్ళను. విడాకులకి ఎవరిని కలవాలో డాక్టరమ్మ చెప్పింది, చెయ్యి మానేదాకా ఆసుపత్రి ఆడవాళ్ళ వసతి గదిలో ఉండనిచ్చింది. ఈ ఉత్తరం అక్కడి కిటికీ దగ్గర కూర్చునే రాస్తున్నాను.

ఇక నీ మూడో ప్రశ్న. నువ్వు రావద్దు. నేనే నీ దగ్గరికి రావాలనుకున్నాను, సంచి కూడా సర్దుకున్నాను. సర్దాక ఆలోచన పట్టుకుంది. నీ ఇంట్లో పిల్లలున్నారు. నేను మారతానని, అదేదో పాడు క్షణమని నీకు రాస్తే చాలు, నువ్వు బావని స్టేషనుకి పంపిస్తావు. అలా రాయలేను. మళ్ళీ ఆ అరలో, ఆ గడ్డిలో పడి ఉన్నా, నేను మళ్ళీ నోరు మూసుకునే ఉంటాను. అది తెలిసి నన్ను ఇంట్లోకి రానివ్వగలిగితే రమ్మని రాయి. రానివ్వలేకపోతే అదే రాయి, నీ మీద కోపం పెట్టుకోను. నీ జవాబు వచ్చేదాకా సంచి విప్పను.

పిల్లలకి ముద్దులు. బావకి నమస్కారం.

ఇట్లు,
ఇదంతా చదివాక కూడా నువ్వు అలా పిలుస్తానంటే,
నీ చెల్లెలు